పై వాటా పిన్నిగారి గొంతు

ఆడపడుచునై ఉండి వదినను పొగడడమేమిటని నలుగురూ నవ్వుతారని నాకు తెలుసు. నవ్వనివ్వండి. నేను ఊరికే ఎవరినీ మెచ్చుకునే రకాన్ని కాను. మా అన్నయ్యనే ఇంతవరకూ ఒక్క మంచి మాట అనలేదు, ఇంకొకరి సంగతి దేనికి? కానీ మా వదినతో ఒకే దుకాణంలో, ఎదురెదురు మిషన్ల మీద జీవితమంతా బట్టలు కుట్టినదాన్ని. ఆవిడకు ఎవరి మీద కోపమొస్తే మిషను ఎంత జోరుగా నడుస్తుందో, ఏ మాట గుచ్చుకుంటే సూదిలో దారం ఎక్కడం మానేస్తుందో నాకు తెలుసు. అందుకే ఈ నాలుగు ముక్కలూ చెప్పే హక్కు నాకుంది.

మా వదిన మనిషి ఇంతే ఉంటుంది. నా భుజం కూడా దాటదు. గొంతు మాత్రం దేవుడు ఏ పహిల్వాను కోసమో తయారుచేసి, పొరపాటున ఈవిడకు పెట్టేశాడు. పక్కింటావిడతో రహస్యం చెబితే వీధి మొత్తానికి తెలుస్తుంది. ఒకసారి కిక్కిరిసిన బస్సులో "కాస్త జరగండయ్యా" అంది. బస్సులో ఉన్నవాళ్ళంతా చటుక్కున తలెత్తి పైకి చూశారు. నిజం! ఒక్కరు కూడా పక్కకు చూడలేదు. బస్సు పైకప్పు కేసి చూసి, అక్కడెవరూ లేకపోయేసరికి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. మా వదిన వాళ్ళ మధ్యలోనే సంచీ పట్టుకుని నిలబడి ఉంది.

ఎందుకంటే ఆ గొంతు వాళ్ళందరికీ తెలుసు. ఎప్పుడూ పైనుంచే వినిపిస్తుందని కూడా తెలుసు. అప్పట్లో టీవీలో 'కింద వాటా' అని ఒక హాస్య సీరియల్ వచ్చేది. వారానికొకసారి అది మొదలయ్యే వేళకు వీధులు ఖాళీ అయిపోయేవి. మా దుకాణంలో కూడా మిషన్లు ఆపేసేవాళ్ళం. కింద వాటాలో అద్దెకుండే ఒక కుటుంబం, ఆ ఇంటి నాన్నగారు. పాపం ఆ నాన్నగారు ఎప్పుడూ ఏదో ఒక తెలివితక్కువ ఉపాయం పన్నుతుంటాడు. అంతా సాఫీగా జరిగిపోతోందనుకునే సమయానికి పై వాటా నుంచి ఇంటి యజమానురాలి కేక పిడుగులా పడుతుంది. నాన్నగారు ఎక్కడివాడక్కడ బిగుసుకుపోయి, తల పైకెత్తి, "చిత్తం పిన్నిగారూ!" అంటాడు. ప్రేక్షకుల ముందే తీసేవాళ్ళు కాబట్టి హాలంతా గొల్లున నవ్వుతుంది. ఆ పిన్నిగారు మాత్రం సీరియల్ మొదలైన రోజు నుంచి ముగిసేదాకా ఒక్కసారి కూడా తెర మీద కనిపించలేదు. ఆ గొంతు మా వదినదే.

ఆవిడ అప్పుడు దుకాణం పని చూసుకుంటూనే ఆ సీరియల్ తీసే స్టూడియోలో కూడా బట్టలు కుట్టే ఉద్యోగం చేసేది. సెట్టులో ఇల్లంటే ముందువైపే ఇల్లు. మెట్లు నాలుగడుగులు పైకి వెళ్ళి ఒక తలుపు దగ్గర ఆగిపోతాయి. గోడ వెనక్కి వెళ్ళి చూస్తే నిచ్చెన, దాని మీద రెండు చెక్కబల్లలు, అంతే. మొదటి రోజు పిన్నిగారి వేషానికి రావలసిన నటి రాలేదు. ప్రేక్షకులు వచ్చి కూర్చున్నారు, దీపాలు వెలిగాయి. మా వదిన ఆ బల్లల మీద కూర్చుని పై కిటికీకి కర్టెను కుడుతోంది. డైరెక్టరు కింద నుంచి, "పైన ఎవరమ్మా? ఆ ఒక్క ముక్కా నువ్వు అరిచెయ్!" అన్నాడట. ఈవిడ నోట్లో ఉన్న సూది తీసి, "ఏమయ్యా కింద వాటా! నీళ్ళ మోటారు ఆపుతావా, ఇంటిని చెరువు చేస్తావా?" అని ఒక్క కేక పెట్టింది. నాన్నగారి వేషం కట్టినాయన నిజంగానే హడలిపోయాడు. అతని చేతిలో గ్లాసు జారి పడింది. జనం నవ్వు ఆపలేక కుర్చీల్లోంచి లేచారు. ఆ తర్వాత వేరే నటిని వెతకలేదు.

పిన్నిగారిని చూపించకపోవడమే సీరియల్‌కు అందమని స్టూడియోవాళ్ళు తేల్చారు. చివర్లో అందరి పేర్లూ వేసి, పిన్నిగారి ఎదురుగా ప్రశ్నార్థకం గుర్తు వేసేవాళ్ళు. మా వదిన ప్రేక్షకులు రాకముందే నిచ్చెన ఎక్కేది, అందరూ వెళ్ళిపోయాక దిగేది. ఆ నాన్నగారికి కూడా ఆవిడ మొహం సరిగ్గా తెలియదు, గొంతే తెలుసు. ఇంతకీ బయట ఎవరికైనా చెబితే నమ్మేవాళ్ళా? "ఆ పిన్నిగారు మా వదినేనండీ" అని నేను ఎంతమందితో వాదించానో! పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఈవిడా?" అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. మా వదిన మాత్రం, "పోనిద్దూ, నువ్వు కాజాలు కుట్టు" అనేది. అనేది కానీ, ఆ పూట మాత్రం సూదిలో దారం ఎక్కేది కాదు.

సీరియల్ అయిపోయింది. స్టూడియో ఉద్యోగమూ పోయింది. ఇద్దరికీ జుట్టు నెరిసింది, ఆవిడకు మోకాళ్ళు కూడా అరిగాయి. ఇదిగో, ఈ మధ్య టీవీ వాళ్ళకు పాత సీరియల్స్ మీద మళ్ళీ ప్రేమ పుట్టింది కదా, అలా ఒకరోజు ఒక డైరెక్టరమ్మాయి మా దుకాణం వెతుక్కుంటూ వచ్చింది. 'కింద వాటా' వాళ్ళందరినీ కలిపి, అదే సెట్టు మళ్ళీ కట్టి, ప్రేక్షకుల ముందు ఒక ప్రత్యేక కార్యక్రమం చేస్తున్నారట.

"చివర్లో పై తలుపు తెరుచుకుంటుంది, పిన్నిగారు మెట్లు దిగి వస్తారు. ఇన్నేళ్ళుగా జనం అడుగుతున్నది అదే. మిమ్మల్ని చూపించాలండీ" అంది ఆ అమ్మాయి.

 ఆ అమ్మాయి వెళ్ళాక మా వదిన నాతో నెమ్మదిగా అంది. అంటే, ఎదురు దుకాణానికి మాత్రమే వినపడేటంత నెమ్మదిగా.

"ఏమే పిల్లా, నాకు ఆశగానే ఉందే. ఒక్కసారి కనపడాలని ఉంది. ఇదిగో, ఆ అరిచింది ఈ మనిషే అని వాళ్ళంతా చూడాలని ఉంది. ఈ వయసులో ఇదేం పిచ్చంటావా?"

"పిచ్చేంటి నీ మొహం! ఎప్పుడో చూపించాల్సింది. మంచి బట్టలు నేను కుడతాను, నువ్వు నోరు మూసుకుని కూర్చో" అన్నాను. అరవై ఏళ్ళొచ్చినా నన్ను పిల్లా అనే మనిషి ఆవిడొక్కతే.

కుట్టాను. నా చేత్తో అంత శ్రద్ధగా నా కూతురి పెళ్ళి బట్టలు కూడా కుట్టలేదు. ముదురాకుపచ్చ పట్టుచీర అంచు నిండా, రవిక నిండా జరీ పని, దీపాల వెలుగు పడితే దూరంనుంచి కూడా కనపడేటట్టు.

రిహార్సల్‌కు నేనూ వెంట వెళ్ళాను. నాన్నగారి వేషం కట్టినాయనను ఆయన కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. రెండేళ్ళ క్రితం ఆయనకు పక్షవాతం వచ్చిందట. కాలూ చెయ్యీ కుదుటపడ్డాయి కానీ మాట రాలేదు. గొంతు దాకా వస్తుంది, అక్కడ ఆగిపోతుంది. ఇంట్లో రోజంతా కలిపి రెండు ముక్కలు మాట్లాడితే గొప్పట. అలాంటిది, ఈ కార్యక్రమం సంగతి చెప్పగానే "వెళ్దాం" అన్నాడట, తడుముకోకుండా. ఆ ఒక్క మాట పట్టుకుని కూతురు ఒప్పుకుంది.

మా వదిన మెట్లు దిగి ఆయన ఎదురుగా నిలబడి తన మాట అంది. ఆయన మర్యాదగా రెండు చేతులూ జోడించి నవ్వాడు. అంతే. చెప్పవలసిన జవాబు రాలేదు. మళ్ళీ అంది. ఆయన పెదవులు కదిలాయి, నుదుట చెమట పట్టింది. కూతురి కేసి చూశాడు, తప్పిపోయిన పిల్లాడు చూసినట్టు. 

కూతురు పక్క గదిలోకి వచ్చి ఏడ్చేసింది. "వద్దండీ, తీసుకెళ్ళిపోతాను. జీవితమంతా అందరినీ నవ్వించిన మనిషి. ఇప్పుడు అందరి ముందు మాట రాక నిలబడితే ఆయన మళ్ళీ నోరు తెరవడు. నాకు భయమేస్తోంది."

డైరెక్టరమ్మాయికీ ఏం చెయ్యాలో తోచలేదు. ఆ హడావిడిలో మా వదిన కనిపించలేదు. ఎక్కడికి పోయిందా అని నేను గోడ వెనక్కి వెళ్ళేసరికి ఆవిడ నిచ్చెన మీదుంది, సగం ఎక్కేసింది, ఆ మోకాళ్ళతో!

"వదినా, నీకేమైనా మతిపోయిందా? పడితే ఎవరు ఎత్తుతారు?"

"నువ్వున్నావుగా. గట్టిగా పట్టుకో, వాగకు."

బల్లల మీద కూర్చుని ఊపిరి తీసుకుని, ఒక్క కేక పెట్టింది. "ఏమయ్యా కింద వాటా! గోడకు మేకులు కొడుతున్నావా, నా నెత్తిన కొడుతున్నావా?"

 ఆయన తల టక్కున పైకి లేచింది. "చిత్తం పిన్నిగారూ! మేకు కాదండీ, నా తలకాయండీ, గోడకు తగిలిందండీ!" అన్నాడు. గడగడా, ఎక్కడా తడబడకుండా. కూతురు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

ఇంకేముంది, అందరికీ ప్రాణం లేచొచ్చింది. డైరెక్టరమ్మాయి ఏర్పాటంతా మార్చేసింది. మాటల భాగమంతా మా వదిన పైనుంచే చెబుతుంది. అది అయిపోయాక, చివర్లో ఆవిడను పిలుస్తారు. అప్పుడు నిచ్చెన దిగి, గోడ వెనక నుంచి మెట్ల తలుపు దగ్గరికి వచ్చి, అందరికీ కనపడుతుంది. ఆయన మాట నిలబడుతుంది, ఈవిడ కోరికా తీరుతుంది. నేనైతే ఎగిరి గంతేశాను.

అసలు రోజు హాలు ఇసుక వేస్తే రాలనంత జనం. మా వదిన ఆకుపచ్చ పట్టు కట్టుకుని నిచ్చెన ఎక్కింది. నేను కింద నిచ్చెన పట్టుకుని, చెక్కల సందులోంచి సెట్టును చూస్తూ నిలబడ్డాను. ఆవిడ మొదటి కేక వెయ్యగానే ఆ జనం పెట్టిన గోల ఏం చెప్పను! ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నాన్నగారు ఒక్క ముక్క తప్పలేదు. అటొకటి, ఇటొకటి, ఇద్దరూ కలిసి బంతాట ఆడినట్టు ఆడారు. ఆవిడ మా వదినే అన్న గర్వంతో నా గుండె పొంగిపోయింది, దాచుకోవడం దేనికి?

రాసుకున్న మాటలు అయిపోయాయి. డైరెక్టరమ్మాయి మైకు పుచ్చుకుని ముందుకొచ్చింది. "ఇన్నేళ్ళుగా మనం విన్నాం. ఈ రోజు చూడబోతున్నాం. పిన్నిగారూ, దిగి రండి!" అంది. జనమంతా లేచి నిలబడ్డారు. దీపాలన్నీ మెట్ల తలుపు మీదికి తిరిగాయి. మా వదిన చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నిచ్చెన మీద ఒక కాలు పెట్టింది.

సందులోంచి నాకు నాన్నగారు కనిపిస్తున్నాడు. ఆయన తలుపు కేసి చూడడం లేదు. తలెత్తి పైకే చూస్తున్నాడు. చెయ్యి ఎత్తాడు.

"పిన్నిగారూ" అన్నాడు. ఇది ఎవరూ రాసిచ్చిన మాట కాదు. "దిగకండి. మీరు దిగితే నాకు మాట పోతుంది. రెండేళ్ళయిందండీ మాట్లాడి."

 మా వదిన కాలు నా తలకు పైన, నిచ్చెన మెట్టు మీదే ఆగిపోయింది.

"దిగు వదినా" అన్నాను గొంతు తగ్గించి. "ఒక్క నిమిషం కనపడి మళ్ళీ ఎక్కుదువుగానీ. జనమంతా నీకోసం నిలబడ్డారే! ఇంకెప్పుడు కనపడతావు?"

ఆవిడ నా కేసి చూసింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. దిగాలనే ఉంది ఆవిడకు, ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? పెదవి గట్టిగా బిగించి, కాలు పైకి లాక్కుంది.

"నేనెందుకు దిగుతానయ్యా?" అని అరిచింది. గొంతులో ఏడుపు చుక్కంత కూడా లేదు. "దమ్ముంటే నువ్వే పైకి రా!"

"మోకాళ్ళు సహకరించడం లేదు పిన్నిగారూ!"

"నావేమన్నా కొత్తవా? పోయిన శతాబ్దంవి!"

"అయితే అక్కడే కూర్చోండి, నేను చెప్పేవి చాలా ఉన్నాయి!"

ఇక ఆగలేదు ఆయన. ఆస్పత్రిలో తాగించిన గంజి గురించి చెప్పాడు. డాక్టరు నాలుక బయటపెట్టమంటే, లోపల పెట్టడం మర్చిపోయిన సంగతి చెప్పాడు. కూతురు తనను పసిపిల్లాడిలా బుజ్జగిస్తుందని పితూరీ చెప్పాడు. ఆయన ఎక్కడ తడబడితే అక్కడ మా వదిన పైనుంచి ఒక కేక వేసేది, ఆయన అందుకునేవాడు. జనం కడుపు పట్టుకుని నవ్వారు. మెట్ల మీద దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, అక్కడికి ఎవరూ రాలేదు.

అంతా అయి, జనం వెళ్ళిపోయి, ఆయనను ముఖం కడిగించడానికి తీసుకెళ్ళాక కూతురు పరుగెత్తుకుంటూ గోడ వెనక్కి వచ్చింది. మా వదిన ఇంకా బల్ల మీదే కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటోంది. పట్టు బట్టల నిండా చెక్కపొట్టు.

"మా నాన్న వల్ల మీరు కనపడకుండా పోయారు. నన్ను క్షమించండి పిన్నిగారూ" అంది ఆ పిల్ల.

"కనపడితే బాగానే ఉండేదమ్మా, లేదని అబద్ధం చెప్పను" అంది మా వదిన. "పోతే పోయిందిలే. మీ నాన్న ఎన్ని మాటలన్నాడో విన్నావా?"

ఆ పిల్ల చెప్పులు విడిచి, గబగబా నిచ్చెన ఎక్కి, మా వదిన ఒళ్ళో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. మా వదినా ఆపుకోలేకపోయింది. ఇద్దరి బరువూ ఆ నిచ్చెన మీదే ఉంది. నేను రెండు చేతులా దాన్ని పట్టుకుని ఉన్నాను, కళ్ళు తుడుచుకోవడానికి నాకొక చెయ్యి కూడా ఖాళీ లేదు.