మూడు తోకల పురుగుకు రాగి బిందె నీళ్ళు

మొన్న మా ఇంటికి వచ్చిన ఒక చుట్టాలావిడ నాకు రాగి సీసా కానుకగా తెచ్చింది. రాత్రి నీళ్ళు పోసిపెట్టుకుని పొద్దున్నే తాగితే ఒంటికి మంచిదట. ఆవిడ ముందే ఒక గుక్క తాగానో లేదో, నాలుకకు ఆ వగరు తగిలి ఫక్కున నవ్వేశాను. పాపం, ఆవిడ బిత్తరపోయింది. "ఏం లేదండీ, మా మునిరత్నం అన్న గుర్తొచ్చాడు" అన్నాను. ఆ కథంతా చెప్పేలోపు ఆవిడ బస్సు వెళ్ళిపోతుంది కాబట్టి అప్పటికి ఊరుకుని, ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

తిరుపతిలో నేను పరిశోధన చేసిన జంతుశాస్త్ర విభాగంలో మునిరత్నం అన్న అటెండరు. సత్యవేడు దగ్గరి పల్లె మనిషి. చదివింది ఏడో తరగతి. ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నా ఉద్యోగం తాత్కాలికమే, ఏటా మా గైడు మేడం సంతకం పెడితేనే మరో ఏడాది. ఆ మేడమా, ఒక గాజు గ్లాసు పగిలితే మూడు రోజులు మాట్లాడేది కాదు. అన్న మాత్రం ఎప్పుడూ నవ్వు మొహమే. టీ వడపోసే జల్లెడ, మెత్తటి కుంచె పట్టుకుని కొండ కింది వాగులోకి దిగేవాడు. నేను అరగంట వెతికినా దొరకని పురుగు ఆయన ఒక రాయి తిరగేస్తే దొరికేది. "ఈడ ఉండాది సూడు పాపా! నువ్వు సూసేది నీళ్ళను, పురుగుండేది రాయి కింద" అనేవాడు.

ఆ పురుగు మే ఫ్లై అనే ఒక ఈగ పిల్ల. రెక్కలు వచ్చేదాకా దాని బతుకంతా నీళ్ళలోనే. అన్న దానికి పెట్టిన పేరు 'మూడు తోకలది'. పొట్టకు రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు ఊగుతూ ఉంటాయి. నీళ్ళలో లోహం కలిస్తే ఆ మొప్పల గుండా ఒంట్లోకి చేరుతుంది, తినే పాచితో పాటు కడుపులోకీ పోతుంది. కొంత పైతోలుకే అంటుకుని, కుబుసం విడిచినప్పుడు దానితో పాటు పోతుంది. అందుకని విడిచిన తోళ్ళను కూడా తూచాలి. నేను వాటిని చెత్త అనుకుని పారబోయబోతే అన్న చెయ్యి పట్టుకుని ఆపాడు. "సీర మార్సుకునింది పాపా, పాతది పారెయ్యబాక. మరకలన్నీ దాంట్లోనే ఉంటాయి."

నా ప్రయోగానికి రెండు తొట్లు. ఒకదానిలో వాగు పైభాగం నుంచి తెచ్చిన శుభ్రమైన నీళ్ళు. రెండోదానిలో ఊరి చివర, ఇనుప సామానుకు జింకు పూత వేసే షెడ్ల నీళ్ళు కలిసే చోటి నుంచి తెచ్చినవి. ఒక్కోదానిలో ఇరవై పురుగులు. ఏ నీళ్ళలో ఎన్ని చస్తాయో, వాటి ఒంట్లో ఎంత లోహం చేరుతుందో చూడాలి. వాగు ఎండిపోయేలోపు ఇదంతా అయిపోవాలి. ఎండితే మళ్ళీ వానల దాకా పురుగు దొరకదు, అంతవరకు నా ఫెలోషిప్పు ఉండదు. చదువు మానేసి ఇంటికి పోవడమే.

పదో రోజు చూస్తే శుభ్రమైన తొట్టిలో పదిహేను చచ్చి ఉన్నాయి. మురికి తొట్టిలో ఎనిమిదే! మంచినీళ్ళలోనే ఎక్కువ చస్తే నేనింక రుజువు చేసేదేముంది? పుస్తకంలో పెన్సిలుతో రాసిన 15లో ముందున్న ఒకటిని రబ్బరుతో తుడిచేశాను. ఐదు మిగిలింది. చూడటానికి ఎంత చక్కగా ఉందో!

చచ్చిన పురుగులను ఏరి సీసాలో దాచేది అన్నే. మధ్యాహ్నం ఆ సీసా, నా పుస్తకం పక్కపక్కన పెట్టి నన్ను పిలిచాడు.

"సీసాలో పదైదు ఉండాయి, బుక్కులో ఐదుండాది. మిగతా పదీ యాడికి పోయినాయి పాపా?"

నేను పుస్తకం మూసెయ్యబోయాను. "తెలీక, అన్నా..."

"తెలీక కాదులే. సచ్చినోటిని బతికించేదానికి నువ్వేమన్నా దేవుడివా? ఎందుకు సచ్చినాయో అది కనుక్కో ముందు" అన్నాడు నవ్వుతూనే. సిగ్గుతో చచ్చిపోయి ఒకటిని మళ్ళీ రాశాను.

కనుక్కోవడానికి ఆ పురుగులనే ఎండబెట్టి, ఆమ్లంలో కరిగించి లోహాలు కొలిచే యంత్రానికిచ్చాం. శుభ్రమైన తొట్టి పురుగుల ఒంట్లో రాగి! వాగు నీళ్ళలో లేని రాగి పురుగులోకి ఎలా వచ్చింది? "ఈ రాగి ఎక్కడిది?" అని మేడం గట్టిగా అరిచింది. మూల గాజు సామాను కడుగుతున్న అన్న చేతులు ఆగిపోయాయి.

"ఆ రాగి నాదే మేడం" అన్నాడు.

తొట్లలో రోజూ నీళ్ళు మార్చేది ఆయనే. మురికి నీళ్ళను ఉన్నవి ఉన్నట్టే పోశాడు. మంచినీళ్ళను మాత్రం ముందు రోజే ఇంటికి తీసుకుపోయి, రాగి బిందెలో నిలవబెట్టి తెచ్చేవాడట.

"స్వామి తీర్థం రాగి సెంబులోదే గదా మేడం. దేవుడికి మంచిదైంది పురుక్కి సెడ్డదైతాదని నాకేం తెలుసు? సదువుకునే పాప పురుగులు, బలంగా ఉండాలనుకున్నా. తప్పు నాది. పాపనేమీ అనబాకండి."

మనకు ఏమీ కాని కాస్త రాగి ఆ చిన్న ప్రాణికి విషమైంది. సంతకం పెట్టాల్సిన నెల కూడా అదే. మేడం ఆయన్ని చూసి, ఉన్నట్టుండి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. మేడం నవ్వగా చూడటం నాకదే మొదలు. "రేపు ఆ బిందె పట్టుకురా. మూడో తొట్టి పెడదాం, మళ్ళీ మొదటి నుంచీ" అంది.

మా అదృష్టం, ఆ ఏడు వాగు ఆలస్యంగా ఎండింది. నా థీసిస్‌లో బిందె నీళ్ళ తొట్టి మీద రాసిన అధ్యాయాన్నే అందరూ మెచ్చుకున్నారు. అన్న కాగితం మీద సంతకమూ పడింది. బిందె కళాశాలలో ఉండిపోయినందుకు వాళ్ళావిడ మాత్రం నెల రోజులు ఆయన మీద కారాలు మిరియాలు నూరింది.

ధన్యవాదాల పేజీలో ఆయన పేరు రాసి చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. "ఇది అందరికీ రాసేదే గదా. బిందె సంగతి రాసినావే, ఆడ రాయి నా పేరు. తప్పు ఎవురిదో తెలిస్తేనే సదివేటోళ్ళకు లెక్క మీద గురి కుదిరేది." ఆయన చెప్పినట్టే రాశాను.

అన్న పోయి రెండేళ్ళయింది. నేనిప్పుడు పలమనేరులో పాఠాలు చెబుతున్నాను. పిల్లల పుస్తకాల్లో చెరిపిన చోటు కనిపిస్తే కేకలెయ్యను. "సీసా తీసుకురండి, కలిసి లెక్కపెడదాం" అంటాను. నాకెంత ఓపికో అని వాళ్ళు అనుకుంటారు. ఆ ఓపిక నాది కాదు. తన తప్పును మేడం ముందు, అచ్చు పుస్తకంలో అందరి ముందు పెట్టిన మనిషి, నా తప్పును మాత్రం పోయేదాకా ఒక్కరికీ చెప్పలేదు, నా దగ్గరా మళ్ళీ ఎత్తలేదు. థీసిస్‌లో ఆయన పేరు ఉంది, నేను చేసిన పని లేదు. ఇన్నేళ్ళకు రాస్తున్నాను అన్నా, పదో రోజు లెక్కలో ఆ ఒకటిని చెరిపింది నేనే.