మా బర్రె కూడా ముట్టని గుమ్మడికాయ

ఇందుమూలంగా సమస్త జనులకు తెలియజేయునది ఏమనగా... గుమ్మడికాయ కూరగాయ కాదు. దాన్ని దిష్టి తీసి నడిరోడ్డు మీద పగలగొట్టాలి గానీ నోట్లో పెట్టుకోకూడదు. నాతో వాదించదలిచినవాళ్లు ముందు ఒక కుండెడు తిని రావాలి.

మా చిన్నప్పుడు... బతుకమ్మ పండుగ దాటిందంటే నేను ఇంటి పైకప్పు వైపు తలెత్తి చూసేవాణ్ని కాదు. గుడిసె కప్పు మీద గుమ్మడికాయలు ముదిరేది అప్పుడే మరి. నానబెట్టిన జొన్నలు, గుమ్మడి ముక్కలు, మొరంగడ్డ... అదే, మీ చిలగడదుంప... అన్నీ అమ్మ ఒకే కుండలో పోసేది. మూత చుట్టూ పిండి మెత్తి, పిడకల నిప్పులో పూడ్చి పనికి పోయేది. మధ్యాహ్నం వచ్చి తీసేది.

ఆ వాసన... తడిసిన గోనెసంచిలో బెల్లం మురిగినట్టు. గుమ్మడి కరిగిపోయి, ఎవరో ముక్కు చీదినట్టు జారుడుగా ఉండేది. మధ్యలో జొన్నలు పంటికింద రాళ్లు. పీచు గొంతులో అడ్డం పడితే లోపలికీ పోదు, బయటికీ రాదు. ఒకసారి దొంగతనంగా నా పళ్లెం తీసుకెళ్లి మా బర్రె ముందు పోశాను. అది వాసన చూసింది... నన్ను చూసింది... మొహం తిప్పుకుంది.

ఏడో తరగతిలో బడి మానేసి గరిటె పట్టాను. ఇప్పుడు గచ్చిబౌలిలో ఒక మేడం ఇంట్లో వంట. కర్నూలు ఆమె, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాకంటే ముందు ఇద్దరు వంటవాళ్లను నెల తిరగకుండానే సాగనంపింది. మొన్న శనివారం ఆఫీసువాళ్లు భోజనానికి వస్తున్నారంటూ ఫోన్‌లో వీడియో చూపించింది. ఓవెన్‌లో చేసే క్యాసరోల్ అట. చూద్దును కదా... జొన్నలు, గుమ్మడికాయ, చిలగడదుంప. ఇన్నేళ్లకు ఆ దరిద్రం నెత్తిన చీజ్ కప్పుకుని, లిఫ్ట్ ఎక్కి తొమ్మిదో అంతస్తుకు వచ్చింది.

రుచి చూడ్డానికి పొద్దునే ఒక చిన్న గిన్నెలో చేశాను. పైన చీజ్ పాత చెప్పు అట్టలా బిగుసుకుంది. కింద అంతా అదే చీమిడి. మేడం చెంచా నా చేతికిచ్చి ఎదురుగా నిలబడింది.

“ఎట్లుందన్నా? అబద్ధం చెప్పొద్దు.”

బాగుందంటే సాయంత్రం ఆఫీసువాళ్ల ముందు ఆమె పరువు, నా పని కలిసి పోతాయి. బాగాలేదంటే నా పని ఇప్పుడే పోతుంది. నోట్లోది సింక్‌లో ఉమ్మేశాను.

“మేడం, దీన్ని మా బర్రె గూడ ముట్టలే.”

ఆమె ఆ బర్రె సంగతి మొత్తం చెప్పించుకుని, స్టూల్ మీద కూలబడి నవ్వింది.

“మీ అమ్మ చేసినట్లే చెయ్యన్నా. వాళ్లొచ్చినాక ఆ బర్రె కథ గూడా నువ్వే చెప్పాల.”

చీజ్ పక్కన పెట్టాను. ఎండుమిర్చి, వెల్లుల్లి నూరి కలిపాను. మూత చుట్టూ పిండి మెత్తి ఓవెన్‌లోకి తోస్తుంటే, అది పేలుతుందేమోనని మేడం హాల్లోకి పోయి నిలబడింది.

పేలలేదు. సాయంత్రం వాళ్లు గిన్నె అడుగు గీకి మరీ తిన్నారు. ఒకాయన వేళ్లు నాకుతుంటే నేను మొహం తిప్పుకున్నాను. ఇంత కమ్మగా ఉంటే మీ బర్రె ఎందుకు తినలేదని ఆయనే అడిగాడు. బర్రెకు రుచి తెలుసు సార్ అన్నాను. అందరూ నవ్వారు. నా పని నిలిచింది. కానీ శిక్ష చూడండి... ఇకనుంచి ప్రతి శనివారం ఇదే వండాలట.

అప్పుడు కప్పు మీద ఊరికే కాసిన కాయ, ఇప్పుడు సగం ముక్కై ప్లాస్టిక్ చుట్టుకుని వస్తోంది... పిడకల పొగ వాసన మాత్రం ఏ ఓవెన్‌కూ రాలేదు. మీరు చిన్నప్పుడు ఛీ కొట్టిన కూడేమిటో కింద రాయండి, కలిసి తిట్టుకుందాం.

అన్నట్టు, ఒక మాట. ఆ బర్రె అబద్ధం. మాకు బర్రె ఎప్పుడూ లేదు. ఉన్నా, దాని ముందు పోయడానికి కుండలో ఏం మిగిలేది కనుక... అమ్మకే మిగిలేది కాదు.