పిన్ని సెమినార్ రోజు

నా చిన్నప్పుడు నన్ను అందరికంటే ఎక్కువ భయపెట్టిన మనిషిని నేను చూసింది ఒక్కరోజే. అంతకుముందు చాలాకాలంగా ఆయన గురించి వింటూనే భయపడేదాన్ని. ఆయన మా పిన్నికి యూనివర్సిటీలో గైడు. ఇంట్లో అందరం ‘సారు’ అనే అనుకునేవాళ్లం.

అప్పట్లో మేం ఫిల్మ్‌నగర్‌లో, బండరాళ్ల మధ్య కొత్తగా లేస్తున్న ఇళ్లలో ఒకదాని వెనకవాటాలో అద్దెకుండేవాళ్లం. మా నాన్న సినిమా పోస్టర్లకు అక్షరాలు రాసేవారు. కంపెనీలు మద్రాసు నుంచి ఒక్కొక్కటే ఇటు వస్తుంటే, వాటి వెనకే మేమూ వచ్చేశాం. మా అమ్మ చెల్లెలు మాతోనే ఉంటూ కంప్యూటర్ సైన్సులో పీహెచ్‌డీ చేసేది. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని చెక్‌పోస్టు దాకా నడిచి, రెండు బస్సులు మారి వెళ్లేది. ఆవిడ వేళలు చూసి ఏదో డబ్బింగ్ థియేటర్లో పని చేస్తోందని ముందువాటా వాళ్లు అనుకునేవారు. మా అమ్మ వాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా అర్థమయ్యేది కాదు, అమ్మకూ పెద్దగా తెలియదు కాబట్టి.

పిన్ని చేస్తున్నది, చేత్తో రాసిన తెలుగు అక్షరాన్ని కంప్యూటర్ చదివేలా చేయడం. అందుకోసం మా చేత, ఇరుగుపొరుగుల చేత, నా క్లాసు పిల్లల చేత అక్షరాలు రాయించి పట్టుకెళ్లేది. కొన్ని అక్షరాలు చూపించి కంప్యూటర్‌కు నేర్పాలి. తర్వాత అది ఎప్పుడూ చూడనివి ఇచ్చి చదవమనాలి. వినడానికి సులువుగానే ఉండేది. కానీ పిన్ని తీసుకెళ్లిన ఫలితాన్ని సారు ఒక్క చూపు చూసి, మళ్లీ చెయ్యమని పక్కన పెట్టేసేవారట. ఆయన గది తలుపు చప్పుడు వినిపిస్తే రీసెర్చ్ స్కాలర్లు క్యాంటీన్‌లోకి జారుకునేవారట. పిన్ని అవన్నీ నవ్వుతూనే చెప్పేది గానీ, సోమవారం పొద్దున మాత్రం ఆవిడకు టిఫిన్ దిగేది కాదు. సోమవారాలు ఆయన్ని కలవాలి మరి.

ఆ వేసవిలో కంప్యూటర్ దాదాపు అన్ని అక్షరాలూ చదివేసింది. పిన్ని పేరూ సారు పేరూ కలిపి రాసిన పేపరు ఒక పెద్ద సదస్సుకు ఎంపికైంది. డిపార్టుమెంటులో సెమినార్ పెట్టారు. బయట ఊళ్ల నుంచి ప్రొఫెసర్లు వస్తున్నారు. వారిలో ఒకాయన బెంగళూరులో తమ సంస్థలో ఉద్యోగం ఇస్తామని ముందే మాటిచ్చారు. అమ్మ సున్నుండలు చేసి వాటాలన్నిటికీ పంచింది.

సెమినార్ రెండు రోజులుందనగా పిన్ని మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చేసి, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లో పీట మీద కూర్చుంది. వచ్చే అతిథులకు చూపించడానికి సరదాగా ఉంటుందని నాన్న చేత కొత్తగా అక్షరాలు రాయించి తీసుకెళ్లింది ఆ రోజు. కంప్యూటర్ వాటిలో సగం తప్పు చదివింది. మ ఇస్తే య అంది. ఎందుకిలా అని వెనక్కి వెళ్లి వెతికితే, పరీక్షకని విడిగా ఉంచిన అక్షరాలు నేర్పడానికి వాడినవాటిలోనూ కలిసిపోయి ఉన్నాయి.

నాకు అర్థంకాక అడిగితే ఇలా చెప్పింది. “ట్యూషన్‌లో ముందురోజు చెప్పేసిన ప్రశ్నలే పరీక్షలో ఇచ్చారనుకో. నీకు వందకి వందొస్తే, నీకు లెక్కలు వచ్చినట్టా?”

“నువ్వు కావాలని చేసింది కాదు కదమ్మాయ్. ఎవరికీ తెలీదు కూడా. ముందు ఈ సెమినార్ కానీ. ఉద్యోగంలో చేరాక నెమ్మదిగా సరిచేసుకోవచ్చు” అన్నారు నాన్న. అమ్మ ఆ మాటే ఇంకోలా చెప్పింది. ఆ రెండు రోజులూ ఇంట్లో రేడియో పెట్టలేదు. పిన్నిని చదువు మాన్పించేస్తారని, పోలీసులు కూడా వస్తారేమోనని నేను లోలోపల వణికిపోయాను.

సెమినార్ రోజు పొద్దున పిన్ని జడ వేసుకుంటూ, “నువ్వు నాతో రావే బుజ్జీ, ఒక్కదాన్నే వెళ్లాలంటే నాకు భయంగా ఉంది” అంది. పెద్దవాళ్లు ఆ మాట పిల్లలతో అనగా వినడం నాకదే మొదలు. తనకే భయమైతే ఇంక నన్ను ఎవరు చూసుకుంటారనిపించింది. బస్సులో పిన్ని నా చెయ్యి వదల్లేదు. ఆవిడ అరచెయ్యి తడిగా ఉంది.

సారు గదిలో ఫ్యాను కింద కాగితాలు రెపరెపలాడుతున్నాయి. ఆయన సన్నగా, పొడుగ్గా, తెల్లచొక్కాలో ఉన్నారు. ఆ రోజు హుషారుగా కూడా ఉన్నారు, అదే మరీ భయంగా అనిపించింది. పిన్ని నిలబడే మొత్తం చెప్పింది. చెబుతున్నకొద్దీ ఆయన ముఖంలో నవ్వు పోయింది. చేతిలోని పెన్నుకు మూత పెట్టి బల్ల మీద పెట్టారు.

“ఇంకెవరికి ఎరుక?” అన్నారు.

“మా అక్కకీ బావగారికీ చెప్పాను సార్. ఇంకెవరికీ తెలీదు.”

“గీ పిల్లకు?”

“దీనికీ తెలుసండి.”

ఆయన నావైపు తిరిగారు. “నీకేం సమజైంది బిడ్డా?” అని అడిగారు.

పిన్ని వైపు చూశాను. ఆవిడ నేలవైపు చూస్తోంది. “ట్యూషన్‌లో చెప్పిన ప్రశ్నలే పరీక్షలో వచ్చాయండి” అన్నాను. నా మాట నాకే వినపడలేదు. ఆయనకు మాత్రం వినపడింది.

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. బయట కార్లో నుంచి అతిథులు దిగుతున్నారు. తలుపు తట్టి ఎవరో అందరూ వచ్చేశారని చెప్పి వెళ్లారు. “సెమినార్ ఆగది. నడువుండ్రి” అని మాత్రం అని, ముందు నడిచారు. తప్పును దాచమంటున్నారనే పిన్నీ నేనూ అనుకున్నాం.

హాల్లో నన్ను చివరి వరసలో కూర్చోబెట్టారు. పిన్ని లేవబోతుంటే, సారు కూర్చోమని సైగ చేసి తానే ముందుకు వెళ్లారు. నీళ్లు తాగుదామని గ్లాసు ఎత్తారు. నీళ్లు చొక్కా మీద ఒలికాయి. ఆయన తుడుచుకోలేదు. ఇంగ్లీషులో మాట్లాడారు, కానీ నాకు తెలిసిన ఇంగ్లీషే అది. ఈ పేపరు మీద నా పేరుంది, ఇందులో తప్పుంది, చూడకుండా సంతకం పెట్టింది నేను, పట్టుకున్నది నా విద్యార్థిని, ఎలా పట్టుకుందో ఆమే చెబుతుంది అన్నారు. తర్వాత వచ్చి మొదటి వరసలో కూర్చున్నారు.

పిన్ని లేచి వెళ్లి మొత్తం చెప్పింది. వచ్చినవాళ్లలో ఒకాయన వ్యంగ్యంగా ఏదో అన్నారు, కొందరు నవ్వారు. బెంగళూరు ఆయన మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. అన్ని ప్రశ్నలకూ పిన్ని నిలబడే జవాబిచ్చింది. నేను కుర్చీ అంచు పట్టుకునే కూర్చున్నాను.

అంతా అయ్యాక సారు మా దగ్గరికి వచ్చారు. మెచ్చుకుంటారేమోనని చూశాను. “సోమవారం రా. అక్షరాలు మళ్ల మొదటికెళ్లి ఏరుదాం” అన్నారంతే. బస్టాపుకు వచ్చాక పిన్ని పక్కకు వెళ్లి వాంతి చేసుకుంది.

ఆ ఉద్యోగం రాలేదు. పేపరును వెనక్కి తీసుకుంటున్నామని సారే ఉత్తరం రాశారు. డిపార్టుమెంటులో కొన్నాళ్లు వాళ్లిద్దరి మీదా గుసగుసలు నడిచాయి. పిన్ని డిగ్రీ బాగా ఆలస్యమైంది. చివరికి కంప్యూటర్ చదవగలిగిన అక్షరాలు ముందు అనుకున్నవాటికంటే చాలా తక్కువ. అయినా ఎవరు కొత్తగా రాసిచ్చినా అన్నే చదివేది. సారు మారలేదు. సోమవారాలు పిన్నికి టిఫిన్ దిగడం ఆ తర్వాత కూడా కష్టమే అయింది.

నేను కంప్యూటర్ల వైపు వెళ్లలేదు. రక్తపరీక్షలు చేసే ల్యాబులో చేరి, ఇప్పుడు అక్కడే అందరికంటే పెద్దదాన్నయ్యాను. అప్పుడప్పుడు నా కింద పనిచేసే ఎవరో ఒక అమ్మాయి ముఖం పాలిపోయి నా గదిలోకి వస్తుంది. బయటికి వెళ్లిపోయిన రిపోర్టులో తప్పు దొర్లిందని చెబుతుంది. అప్పుడు నాకూ భయమేస్తుంది. ఇన్నేళ్లయినా ఆ భయం తగ్గలేదు, తగ్గేదాకా ఆగాలని కూడా అనుకోను. కోపం నోటి దాకా వస్తుంది. అది బయటికి రాకముందే ఆ రిపోర్టు తెప్పించి, కింద ఎవరి సంతకం ఉందో చూస్తాను. చాలాసార్లు నాదే ఉంటుంది.