కోరంగి తీరాన మా దానియేలు తాతయ్య జాడ

మా అమ్మ రూతమ్మకు తండ్రి ముఖం తెలియదు. ఆమె నెలల పిల్లగా ఉండగా, రెండో ప్రపంచ యుద్ధకాలంలో, మా తాతయ్య దానియేలు నావికాదళంలో చేరి ఓడలో బాయిలర్‌కు బొగ్గు వేసే పనికి వెళ్ళాడు. మళ్ళీ ఇంటికి రాలేదు. నావికాదళానికి నేను పెట్టిన అర్జీకి మొన్న జవాబు వచ్చింది. చేరినట్టు నమోదు ఉందట. ఆ తర్వాత చనిపోయినట్టు గానీ, పారిపోయినట్టు గానీ, విడుదలైనట్టు గానీ ఒక్క ముక్క లేదట. అమ్మకిప్పుడు ఎనభై దాటాయి. "పోయేలోపు ఆ ఒక్కటీ తెలిస్తే బాగుండునే" అంది. ఆయన్ని కోరంగి వైపు ఎవరో చూశారని అమ్మమ్మ బతికున్న రోజుల్లో ఒక మాట వినబడేదట. అది పట్టుకుని బయల్దేరాను.

మండపేటలో ఉదయం ఆరింటికి బస్సెక్కితే రామచంద్రపురం మీదుగా కాకినాడ చేరేసరికి ఎనిమిదయింది. అక్కడినుంచి యానాం బస్సులో కోరంగి పక్కనున్న తాళ్ళరేవుకు ముప్పావు గంట. పల్లెవెలుగు బస్సుల్లో ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉండదు. దారి పొడవునా ముసురు. ముందు చర్చికి వెళ్ళాను. సంఘపెద్ద సమాధుల రిజిస్టరు తీసి, చిరుగుతున్న పేజీలను ఓపిగ్గా తిప్పారు. "దానియేలు అన్న పేరే లేదండి. ఏమీ అనుకోకండి" అన్నారు. తిరిగి వెళ్ళిపోదామనే అనుకుని, రోడ్డు పక్క హోటల్లో నలభై రూపాయల ఇడ్లీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. వంట చేసే ఆవిడ నా మొహం చూసి ఎవరికోసం వచ్చారని అడిగింది. చెప్పాను.

"పేరు సరేనండి, ఏం పని చేసేవారు?"

"ఓడలో, బాయిలర్ దగ్గర."

ఆవిడ గరిటె పక్కన పెట్టింది. "మా మావగారు బాయిలర్ తాత అని ఒకాయన గురించి చెబుతుంటారండి. మావగారు ఏటిగట్టున పడవలు తయారుచేసే చోట ఉంటారు, అడగండి."

ఆటోకు ఎనభై రూపాయలు. సగం కట్టిన పడవ పక్కన, పట్టా కింద ఆ మావగారు కూర్చుని ఉన్నారు. తొంభైకి దగ్గర పడ్డ వడ్రంగి. బాయిలర్ తాత కోసం మండపేట నుంచి వచ్చానని అనగానే తలెత్తారు. "యోహాను అని చెప్పుకునేవాడమ్మా. మండపేటలో రూతమ్మని కూతురుందనేవాడు."

ఆ రూతమ్మ మా అమ్మేనని చెప్పాను. పక్కనున్న చెక్కల మీద కూర్చున్నాను.

బాయిలర్ పక్కన ఇద్దరు కాలిపోవడం చూసి, ఓడ రేవుకు రాగానే దిగి పారిపోయాడట తాతయ్య. ఇంటికెళ్తే పోలీసులొచ్చి పెళ్ళాన్నీ పిల్లనీ పీడిస్తారని ఇక్కడే నీళ్ళు కారకుండా పడవ చెక్కల సందుల్లో దూది కూరే పనిలో కుదిరాడట. "దొరలు పోయారు, ఇంక ఇంటికెళ్ళవయ్యా అనేవాళ్ళం. 'కాగితాలుంటాయిరా, అందులో నా పేరుంటుంది' అనేవాడమ్మా. మా పెద్దమ్మాయి పుట్టిన ఏడు, అరవై ఎనిమిదిలో, జ్వరమొచ్చి పోయాడు."

"సమాధి ఉందా అండి?"

"ఏటిగట్టునే పూడ్చామమ్మా, ఆ గట్టంతా ఏరు కోసేసింది."

తాతయ్య పారిపోయినట్టు కాగితాల్లో ఏమీ లేదని ఆయనకు చెప్పాను. "ఏమీ లేదా?" అని అడిగారు.

గట్టు మీదనుంచే అమ్మకు ఫోన్ చేసి విన్నదంతా చెప్పాను. "అయితే నా పెళ్ళినాటికి బతికే ఉన్నాడా?" అంది. అవునన్నాను. "యాభై కిలోమీటర్లు లేదు కదే. ఎవరిచేతనన్నా ఒక్క కబురు పంపలేకపోయాడా? సముద్రంలో పోయాడనుకున్నప్పుడే నయంగా ఉంది." ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరాను. అన్నం తిన్నావా అని తప్ప అమ్మ ఇంకేమీ అడగలేదు. నిజం తెలిస్తే ఆమె మనసు కుదుటపడుతుందనుకున్నాను. ఆమెకు ఇప్పుడు ఈ వయసులో తండ్రి మీద కోపం వచ్చింది. అది తీర్చుకోవడానికి సమాధి కూడా లేదు. తాతయ్య ఎవరికి భయపడి జన్మంతా దాక్కున్నాడో, వాళ్ళు ఆయన్ని వెతకనే లేదు.

ఇలాంటి వెతుకులాటకు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. మనిషి పేరు ఒక్కటే అడిగి తిరిగి రాకండి, చేసిన పనేమిటో కూడా చెప్పండి. పారిపోయినవాళ్ళు పేరు మార్చుకుంటారు.