ఫోటో వరకే గడియారం

బడికి వేసవి సెలవులిచ్చే రోజంటే నాకు ఒళ్లు మంట. మదనపల్లెలో ఒక ప్రైవేటు బడిలో రెండో తరగతికి పాఠాలు చెబుతాను. ఏడాదంతా హోంవర్క్ పుస్తకం తెరిచి చూడని అమ్మలు కూడా ఆ రోజు పట్టుచీరలు కట్టుకుని దిగుతారు. చేతుల్లో మెరుపు కాగితం చుట్టిన పెట్టెలు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి నాకు ఇవ్వాలి, నేను నవ్వాలి, ఆ ఫోటో వాట్సాప్ గ్రూపులో పడాలి. పెట్టె పెద్దదైతే ఫోటో రెండుసార్లు తీస్తారు. ఇవన్నీ వద్దని మొత్తుకుంటే, "మీరు ఊరికే అంటారు మేడం" అని నవ్వేస్తారు.

మొన్నటి ఏడాది వరసలో చివర ఒక పాప ఉత్త చేతులతో నిలబడింది. వాళ్లమ్మ టమోటా మార్కెట్‌లో కాయలు ఏరే పనికి పోతుంది. బడి తెరిచినప్పుడు అక్షరాలు కూడబలుక్కుని చదివిన పిల్ల, ఏడాది తిరిగేసరికి పాఠం గడగడా చదివేస్తోంది. నాకు అంతకంటే ఏం కావాలి? ఆ మాట అక్కడ గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఫోటోలు తీస్తున్నది బట్టల కొట్టు వాళ్లావిడ. పాపను చూసి, తన కూతురు అప్పుడే నాకిచ్చిన గోడ గడియారాన్ని బల్ల మీంచి తీసి ఆ చేతుల్లో పెట్టింది.

"పట్టుకో పాపా, ఫోటో ఒకటి తీసేస్తా. అందురివీ ఉండాయి, నీదొక్కటి లేకపోతే బాగుండదు."

నాకు కోపం నషాళానికంటింది. ఆ గడియారాన్ని నేలకేసి కొట్టాలనిపించింది. కానీ గుమ్మంలో హెడ్‌మాస్టరు నిలబడి చూస్తున్నాడు. నవ్వి, గడియారం అందుకుని, "థ్యాంక్యూ" కూడా అన్నాను. ఫోటో అవగానే అది మళ్లీ బల్ల మీదికి పోయింది.

అందరూ వెళ్లాక ఆ పాప బ్యాగు తగిలించుకుని నా దగ్గరికొచ్చింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"మేడం, ఆ గడియారం మాది కాదు కదా. నాకు యాల థ్యాంక్యూ సెప్పినారు?"

పక్కవాళ్ల పెన్సిల్‌ను నాదని చెప్పుకోకూడదని ఆ పిల్లకు నేర్పింది నేనే. తల నిమిరి పంపించాను, అంతే.

ఆ బట్టల కొట్టావిడను ఇప్పటికీ తిట్టుకుంటాను. ఫోటో ఇంకా గ్రూపులోనే ఉంది. అందులో పాప మొహాన నవ్వు లేదు. నవ్వుతున్నది నేను.