నిర్మల్ ఘాట్‌లో ఒక మలుపు తక్కువ

మోకాలు బాగయిందని డాక్టరు ఒప్పుకున్నాడు కానీ పూర్తిగా కాదు. "సాపు రోడ్డు మీద ఫికర్ లేదు. ఒక్కసారి ఎక్కుడు మీద తొక్కి చూడుండ్రి. వాపు రాకుంటే నాగపూర్ పొండ్రి," అన్నాడు.

కరీంనగర్ దగ్గర మంచి ఎక్కుడంటే కొండగట్టు ఘాటే. అది దేవుని గుట్ట. మా అవ్వ, అంటే అమ్మ, పోయిన మాఘంలో చనిపోయింది. ఏడాది తిరిగేదాకా కొడుకు గుట్ట ఎక్కకూడదన్నది మా పట్టింపు. అందుకని నిర్మల్ అవతలి ఘాట్‌ను ఎంచుకున్నాను. ముగ్గురు స్నేహితులతో కలిసి జనవరిలో సైకిల్ మీద నాగపూర్ పోవాలనుకున్న దారి కూడా అదే. జనవరి తప్పితే ఆదిలాబాద్ ఎండల్లో తొక్కలేం, మళ్లీ వచ్చే చలికాలమే.

పడింది ఆషాఢంలో, మానేరు డ్యామ్ రోడ్డు మీద, వానలో ఒక బర్రెను తప్పించబోయి. కుడి మోకాలి లిగమెంట్ సగం తెగింది. నెలల తరబడి మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి నొక్కడం, గోడకు ఆనుకొని సగం కూర్చుని లేవడం. అవ్వ మంచం ఖాళీగానే ఉంది కాబట్టి తువ్వాలు కసరత్తు దాని మీదే చేశాను. తర్వాత డాక్టరు దగ్గరున్న కదలని సైకిల్ ఎక్కించారు. ఎదురుగా సున్నం గోడ. యాభై రెండేళ్ల మనిషికి అంత విసుగు పుట్టించే ప్రయాణం ఇంకొకటి లేదు.

అక్కది చొప్పదండి. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. నేనొక్కణ్ణే నిర్మల్ పోతున్నానని తెలిసి ముందురోజే సంచితో దిగింది. "మల్ల పడితే ఎవరు లేపుతరురా?" అని ఒకటే మాట.

తెల్లవారి ఆరింటికి కరీంనగర్ బస్టాండులో నిర్మల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. చక్రాలు విప్పితే సైకిల్ బస్సు డిక్కీలో పడుతుంది. వెళ్లేవాళ్లు పాత దుప్పటి ఒకటి చుట్టి పెట్టుకోవడం మంచిది. అక్క ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ తీసుకుంది. కండక్టరమ్మ నా వైపు తిరిగి, "సార్, మీకొకటి, సైకిల్‌కు లగేజీ ఒకటి," అంది.

"సూడు తమ్మీ, నాకు ఫుకట్. నీ సైకిల్‌కు పైసలు," అని అక్క మల్యాల దాటేదాకా నవ్వుతూనే ఉంది.

కోరుట్లలో ఎక్కిన నడివయసు మనిషి నా మోకాలి పట్టీని, చేతిలోని హెల్మెట్‌ను మార్చి మార్చి చూశాడు. సంగతి చెప్పాను. "దుబాయిల గూడ గిట్లనే తొక్కుతరు సార్. మేం పనికి పోయేటప్పుడు వాళ్లు తొక్కుకుంట ఎదురొస్తరు. పన్లేక గీ తిప్పలేందో అనుకునేది," అన్నాడు. ఇరవై ఏళ్లు అక్కడ ఇనుపకడ్డీలు వంచాడట. దిగేటప్పుడు మాత్రం, "నాగపూర్ చేరినంక సంత్రాలు తినుండ్రి, యాది మరువకుండ్రి," అని భుజం తట్టి పోయాడు.

ఆర్మూరులో చాయ్‌కి ఆపారు. తర్వాత సోన్ వంతెన. గోదావరి సగం ఇసుక, సగం నీళ్లు. అక్క కిటికీ అద్దం జరిపి చేతులు జోడించింది.

"గీ నీళ్లే గద ధర్మపురికి పోయేటియి?"

"గవ్వే."

అవ్వ అస్థికలు ధర్మపురిలో కలిపాం. నీళ్లలో దిగింది నేను. అక్క ఒడ్డున నిలబడింది.

పదింటికి నిర్మల్. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని చక్రాలు బిగించుకున్నాను. అక్క ఒక ఆటో మాట్లాడింది. నడిపే మనిషి పేరు ఖాజా, గడ్డం సగం నెరిసింది. ఎక్కడిదాకా అంటే ఘాట్ మీదికి అన్నాను.

"ఘాట్ అంటే ఏంది?" అంది అక్క.

"గుట్ట ఎక్కాలె అమ్మా," అన్నాడు ఖాజా.

అక్క నా వైపు గుడ్లురిమి చూసింది. "గుట్టనా? నిర్మల్ అంటివి గద రా!"

నాకు నిజంగా అది గుట్ట అనిపించలేదు. గుట్ట అంటే మెట్లు, గుడి, కొబ్బరికాయలు. ఇది రోడ్డు. ఆ మాటే అన్నాను. ఖాజా నా పక్షం చేరాడు. "రోడ్డే అమ్మా. లారీలు పోతయ్, బస్సులు పోతయ్."

"దేవుడున్నడా?"

"లేడమ్మా. కోతులున్నయ్."

అక్క ఆటో ఎక్కింది. "దేవుడు లేకుంటే నడువు. నేను ఎనకనే వస్త."

ఊరు దాటాక పాత ఘాట్ రోడ్డు పట్టాను. మొదటి మలుపులు సులువుగానే ఉంటాయి, వాటిని చూసి తొందరపడొద్దు. తర్వాత టేకుచెట్లు రెండు వైపులా దగ్గరవుతాయి, రోడ్డు ముందు చక్రానికి ఎదురు లేస్తుంది. అన్నిటికన్నా చిన్న గేరు వేసి కూర్చునే తొక్కాను. మోకాలు మొదట కటుక్కుమంది, తర్వాత సలిపింది, ఆ తర్వాత ఊరుకుంది. వెనక ఆటోలోంచి అక్క గొంతు ఆగడం లేదు.

"నిమ్మలంగ! ఎవరు తరుముతున్నరు నిన్ను?"

"జర ఊపిరి తీసుకోనియ్యమ్మా సార్‌ను," అని ఖాజా.

ఒక లారీ డ్రైవరు దాటిపోతూ తల బయటపెట్టి, "తాడు కట్టాల్నా కాకా?" అని అరిచాడు. నవ్వితే దమ్ము పోతుందని నవ్వలేదు. చెమట కళ్లలోకి దిగుతుంటే, సున్నం గోడ ముందు కూర్చున్న రోజులన్నీ ఈ రోడ్డు కిందికి పోతున్నట్టుంది. కాలు నాది అనిపించింది. నాగపూర్ పోతానని అప్పుడు నమ్మకం కలిగింది.

ఆఖరి మలుపు ముందు ఆటో నన్ను దాటి అడ్డంగా ఆగింది. అక్క దిగి రోడ్డు మధ్యలో చేతులు చాపింది. "ఆగు! ఆడ సూడు."

మలుపు మీద చిన్న గుడి. ఎర్రజెండా, పసుపు పూసిన రాయి, పగిలిన కొబ్బరి చిప్పలు.

ఖాజా నాలుక కరుచుకున్నాడు. "మైసమ్మ అమ్మా. డ్రైవర్లం రోజు దండం పెట్టేదే, అందుకే యాదికి రాలే."

"ఒక్క మలుపే అక్కా."

"ఒక్క మలుపైనా గుట్టనే. ఏడాది కాలే."

"మరి మీరు గూడ ఎక్కిన్రు గదమ్మా?" అన్నాడు ఖాజా, మంచి మనసుతోనే.

అక్క అతని వైపు తిరిగింది. "నాకేం పట్టింపు లేదు భాయ్. నేను పరాయింటిదాన్ని. మూడొద్దులల్ల నాకు మైల తీరిపోయింది. నెల తిరగకముందే మా మరిది బిడ్డ పెండ్లిల పసుపు దంచిన. ఎవ్వరు వద్దనలే. కన్నతల్లి పోతే నాకు మూడొద్దులు, వీనికి ఏడాది. గా ఏడాదన్న సక్కగ పట్టాలె గద వీడు!"

ఇన్ని నెలలూ ఆమె ఫోన్‌లో అడిగిన ప్రశ్నలు నాకు చాదస్తంగా తోచాయి. కొండగట్టు పోయినవా, పెండ్లికి పోయినవా, కొత్తబట్టలు కట్టినవా. తనకు ఇవ్వని ఏడాదిని ఆమె నా చేత గడిపిస్తోందని అక్కడ రోడ్డు మీద తెలిసింది.

సైకిల్ దిగి పిట్టగోడకు ఆనించాను. "భాయ్, ఆటో ఎనకకు మలుపు. అక్క గూడ ఎక్కదు."

"నాకు లేదంటిని గద రా."

"నాకున్నది నీకు లేకుంటెట్ల? అవ్వ ఇద్దరిది. నువ్వు గూడ ఏడాది పట్టు."

అక్క పిట్టగోడ మీద కూర్చుని ముక్కు చీది, సంచి విప్పింది. జొన్నరొట్టెలు, పండుమిరప తొక్కు. ఖాజాకూ పెట్టింది. ఒక ముసలి కోతి వచ్చి నా చేతిలోని రొట్టె గుంజుకుని, తొక్కు వాసన చూసి, రొట్టె మాత్రమే తిని చిప్పల మధ్యకు పోయింది. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "అవ్వ గూడ గంతే. కారమంటే ముట్టకపోయేది."

రెండింటికి కిందికి దిగాం. బ్రేకులు మాత్రం కొత్తవి వేయించుకునే వెళ్లాలి. సాయంత్రం బస్సులో కూర్చుని స్నేహితుడికి ఫోన్ చేశాను. మోకాలు వాయలేదు, కానీ నిర్మల్ దాకే వస్తాను, అక్కడినుంచి మీరు పైకి, నేను వెనక్కి అని చెప్పాను. అతను చాలాసేపు తిట్టాడు.

"ఏమంటుండు?" అంది అక్క.

"నాగపూర్ మళ్ల ఎప్పుడు పోతవంటుండు."

"నాగపూర్ యాడికన్న పోతదా? ఆడ్నే ఉంటది." సంచి ఒళ్లో పెట్టుకుని, "వచ్చే చలికాలం నేను ముందుగాల బస్సుల పోయి ఆదిలాబాద్‌ల కూసుంట. నువ్వు నిమ్మలంగ తొక్కుకుంట రా," అంది. జగిత్యాల రాకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

ఘాట్ రోడ్డు బాగుంది. నీడ ఉంది, లారీలు తక్కువ. ఉదయం పదకొండు లోపు మొదలుపెడితే గాయం మానిన మోకాలు కూడా ఎక్కగలదు. ఆఖరి మలుపు అవతల ఏముందో నేను చెప్పలేను. వెళ్లేవాళ్లు చూసి రావచ్చు. మేమిద్దరం మాఘం దాకా ఎక్కం.