ఎనిమిది లేని సంఖ్య

నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో గిన్నెలు కొనడానికి పోతే, కౌంటర్ మీద ప్లాస్టిక్ కవరు తొడిగిన పెద్ద క్యాలిక్యులేటర్ కనబడింది. చంపాపేట్‌లో మా నాన్న కిరాణా దుకాణంలో అచ్చం అలాంటిదే ఉండేది. దాని మీటలకు ఎప్పుడూ పసుపు, కారం అంటుకుని ఉండేవి.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, 12345679 ఆట. తొమ్మిదితో గుణిస్తే అన్నీ ఒకట్లే. పద్దెనిమిదితో గుణిస్తే అన్నీ రెండ్లే. కానీ ఆ సంఖ్యలో ఎనిమిది మాత్రం ఉండదు. చిన్నప్పుడు నాకది పెద్ద అన్యాయంగా తోచేది.

"అక్కా, పాపం ఎనిమిది ఏడికి పోయింది?"

"ఏడికి పోలేదురా. తొమ్మిదెనిమిదుల డెబ్బై రెండు కదా, ఇంటు డెబ్బై రెండు కొట్టి చూడు."

కొట్టాను. తెర నిండా ఎనిమిదులే! నా మొహం చూసి అక్క పడీ పడీ నవ్వింది.

అక్క పోయి ఏడాది కావస్తోంది. ఇంట్లో ఎటు తిరిగినా అక్కే కనిపిస్తుంది.

నిన్న షాపతను గిన్నెలు కాగితంలో చుడుతుంటే, ఆ లెక్క మళ్లీ కొట్టాను. అతను తొంగి చూశాడు.

"ఏంది సార్, గన్ని ఎనిమిదులొచ్చినయ్? మిషన్ ఖరాబైందా?"

"లేదన్నా," అన్నాను. "సరిగ్గనే చూపిస్తుంది."